అవతలి జట్టుకు చప్పట్లు

ఆ పెనాల్టీ ఇవ్వాల్సింది కాదు. ఇప్పటికీ అదే అంటాను. ప్రతీక్ష పక్కనుంటే మాత్రం కొంచెం మెల్లగా అంటాను.

జూన్ నెల, ముంబై సెంట్రల్ వెనక గ్రౌండు. గ్రౌండు అనడం మర్యాద కోసమే, ఆ రోజు అది నాట్లకు సిద్ధం చేసిన మడిలా ఉంది. మా తెలుగువాళ్ల పేట కామాటిపురా కుర్రాళ్ల సీనియర్ ఫుట్‌బాల్ టీమ్‌కి నేను కోచ్‌ని. మా డిఫెండర్ బంతిని శుభ్రంగా తీశాడు. అవతలివాడు బురదలో తనంతట తానే జారాడు. రిఫరీ విజిల్ ఊది పెనాల్టీ స్పాట్ వైపు చెయ్యి చూపించింది.

సన్నగా, పొడుగ్గా, జడ బిగించి కట్టుకున్న రిఫరీ. పేరు ప్రతీక్ష అన్నారు. మరాఠీ పిల్లే అనుకున్నాను. ముంబైలో మా తెలుగువాళ్లకున్న పెద్ద సుఖం ఏమిటంటే, ఎవరినైనా మొహం మీదే తిట్టొచ్చు.

"కండ్లు ఇంట్ల పెట్టొచ్చినట్టుంది ఈ పిల్ల!"

ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది. వానలో తడుస్తూ నేరుగా నా దగ్గరికి నడిచి వచ్చింది.

"కండ్లు ఈడనే ఉన్నయ్ కోచ్. నువ్వే నోరు ఇంట్ల పెట్టి రావాల్సుండె."

అని జేబులోంచి పసుపు కార్డు తీసి నా ముక్కు ముందు పట్టుకుంది. మా పోరలు నవ్వాపుకోలేక బురదలో కూలబడ్డారు. నాకు కోపం రావాలో, మన పిల్లేనని సంతోషం రావాలో తెలియలేదు. నా అయోమయం అక్కడ మొదలైంది.

మ్యాచ్ అయ్యాక ఫాక్‌లాండ్ రోడ్డు మూల చాయ్ హోటల్లో మళ్లీ కనబడింది. ఖాళీగా ఉన్నది ఆమె ఎదుటి కుర్చీ ఒక్కటే.

"ఏ గల్లీ?" అన్నాను.

"పదకొండు. టైల్స్ పని జేసే లచ్చయ్య బిడ్డను."

"ఎన్నడూ సూడలే నిన్ను."

"నువ్వు ముంబైల ఎన్నడున్నవ్ గని?"

అదీ నిజమే. మీసాలు రాకముందే ఇల్లు వదిలాను. కోల్‌కతా, గోవా, షిల్లాంగ్. ఎక్కడ లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడు దెబ్బ తిని మంచమెక్కితే అక్కడికి నేను. వాడు లేచి నిలబడగానే నా బ్యాగు నేను సర్దుకోవాలి.

"పెద్ద లీగ్‌ల గూడ ఆడినవంట గద?"

"ఆడిన. ఆట ఒడిసేటప్పుడు దింపిండ్రు. బంతి ఒక్కసారి కాలికి తగిలింది."

"ఏం జేసినవ్ మరి?"

"అవుట్‌కు కొట్టిన."

ఆమె నవ్విన నవ్వుకు చాయ్ బల్ల మీద ఒలికింది. తర్వాత మోకాలు పోయి ఆట ఆగిపోయిందని చెప్పాను. అందరూ అయ్యో పాపం అంటారు. ఆమె మాత్రం "ఏ మోకాలు?" అని అడిగి, నేను కాలు చాపుకోవడానికి తన బ్యాగు పక్కకు జరిపింది. సరిగ్గా అప్పుడే నా పని అయిపోయింది. నాకు తెలియడానికి టైమ్ పట్టిందంతే.

అప్పట్నుంచి మ్యాచ్ అవగానే చాయ్. దొంగదెబ్బల విద్యంతా నేను నేర్పాను. "పడేటోని చేతులు సూడు. నిజంగ పడేటోడు చేతులు కింద పెడ్తడు. నాటకమాడేటోడు పైకి లేపుతడు." ఆమె నాకు రూల్స్ పుస్తకం ఇచ్చింది.

"ఇన్నేండ్లు ఆడిన, నాకు రూల్స్ చెప్తవా?"

"ఆడినవ్. చదవలే."

తీసుకెళ్లి ఇంట్లో పెట్టాను. మా నానమ్మ లక్ష్మవ్వ దాని మీద పాల గిన్నె పెట్టుకుంది.

ఒకరోజు వాన ఆగేదాకా హోటల్లోనే ఉండిపోయాం. ఆమె గాజు గ్లాసు తిప్పుతూ అంది. "పెద్ద మ్యాచ్‌లల్ల జెండా పట్టుకొని గీత మీద ఉరుకుడే అయితున్నది. ఒక్కసారి సీనియర్ ఫైనల్‌కు నడిమిట్ల నిలబడాలె తుషార్."

నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. ఫైనల్ సంగతి కంటే అదే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.

ఆ మరుసటి వారం నుంచి ఆమె మా మ్యాచ్‌లకు రావడం మానేసింది. ఎవరెవరో రిఫరీలు వస్తున్నారు. చాయ్‌కి మాత్రం వస్తుంది, ఎప్పటిలాగే నవ్వుతుంది. ఎందుకు రావట్లేదంటే "డ్యూటీ ఏరే దిక్కు పడుతున్నది" అంటుంది, నా మొహం వైపు మాత్రం చూడదు. నేనేదో తప్పు చేశాననుకుని క్షమించమన్నాను. "దేనికి?" అంది. దేనికో నాకూ తెలియదు.

ఇంతలో మా పోరలు ఎవరూ ఊహించని పని చేశారు. సెమీఫైనల్‌కి వచ్చారు.

ఆ రోజు ఆమె ప్రేక్షకుల్లో కూర్చుంది, నీలం గొడుగు వేసుకుని. చూడగానే నా గుండెకు రెక్కలొచ్చాయి. ఆట మొదలైంది. అవతలి జట్టు మా గోల్ మీదికి వచ్చింది. నీలం గొడుగు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అవతలి జట్టుకు!

మా గోల్‌కీపర్ మహేష్ గోల్ వదిలేసి ఇటు తిరిగాడు. "కోచ్! వహిని అటు సైడు ఉన్నదేంది?"

వహిని అంటే మరాఠీలో వదిన. వీడు ఎప్పట్నుంచి అలా పిలుస్తున్నాడో నాకు తెలియదు.

"బంతిని సూడురా!" అని అరిచాను కానీ, నేనే చూడలేదు. ఆ ఆటలో ఏం జరిగిందో నన్నడక్కండి. చివర్లో మహేష్ ఒక పెనాల్టీ ఆపాడు, మేం ఒక్క గోల్‌తో గెలిచాం. కుర్రాళ్లు నన్ను ఎత్తుకున్నారు. ఆ ఎత్తు మీద నుంచి చూస్తే, నీలం గొడుగు గేటు దాటుతోంది.

దిగి, కుంటుకుంటూ పరుగెత్తాను.

"వాండ్లకు చప్పట్లు కొట్టినవ్!"

"కొట్టిన."

"ఎందుకు?"

"వాండ్లు గెల్వాలని."

"అదే, ఎందుకు?"

ఆమె నన్ను అదోలా చూసింది. కళ్లలో నీళ్లున్నాయో, వానో చెప్పలేను. "నీకు ఎరుక లేదా?"

"లేదు!"

"అయితే గట్లనే ఉండు." గొడుగు ముడిచి, అంత వానలో తడుస్తూ వెళ్లిపోయింది. గొడుగున్న మనిషి ఎందుకు తడుస్తూ వెళ్తుందో కూడా నాకు అర్థం కాలేదు.

రెండ్రోజులకు మహేష్ కబురు తెచ్చాడు. ఫైనల్‌కి ప్రతీక్షను అనుకున్నారట, ఇప్పుడు ఆమె పేరు తీసేసి వేరేవాళ్లను చూస్తున్నారట. కోచ్‌తో ఏదో ఉందని మాటొచ్చిందట.

నా రక్తం ఉడికిపోయింది. ఎవడో పుకారు పుట్టించి ఆ పిల్ల కల మీద మన్ను పోశాడు. నేరుగా లీగ్ సెక్రటరీ నిలేష్ దాదా గదికి వెళ్లాను.

"ఆమెకు, నాకు మధ్య ఏమీ లేదు దాదా! ఎవడు చెప్పాడు నీకు? పేరు చెప్పు, వాడి సంగతి నేను చూస్తా!" అన్నాను మరాఠీలో. ఆయనకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం రాదు.

ఆయన తాపీగా చాయ్ ఊదుకున్నాడు. "ఆమే చెప్పింది."

"ఎవరు?"

"ప్రతీక్ష. తనవాళ్లున్న మ్యాచ్‌కి రిఫరీ నిలబడకూడదు కదా, ముందే చెప్పాలి. సీజన్ మధ్యలో వచ్చి మీ టీమ్ మ్యాచ్‌లు వేయొద్దంది. తమ్ముడున్నాడా అన్నాను. కాదు, కోచ్ అంది. కోచ్ నీకు బంధువా అన్నాను." మళ్లీ చాయ్ ఊదుకున్నాడు. "ఇంకా కాలేదు అంది."

దగ్గర్లో ఉన్న కుర్చీలో కూర్చున్నాను. అది కుర్చీ కాదు, కార్నర్ జెండాల కట్ట.

ఇప్పుడు వెలిగింది నా బుర్రలో. సెమీఫైనల్లో మేం ఓడితే ఫైనల్ ఆమెది. గెలిస్తే ఆమె గడప అవతల. ఆ పిల్ల నా ఓటమి కోసం చప్పట్లు కొట్టలేదు. నేనూ కావాలి, ఫైనలూ కావాలి అని కొట్టింది.

"ఇప్పుడు నువ్వొచ్చి ఏమీ లేదంటున్నావు," అన్నాడు నిలేష్ దాదా. "ఏమీ లేకపోతే ఫైనల్ ఆమెదే. ఆమె కంటే బాగా ఊదేవాళ్లు నాకు లేరు. ఏది నిజమో సాయంత్రం లోపు చెప్పు."

లేదంటే ఆమె కల నిజమవుతుంది. ఉందంటే పోతుంది. పదకొండో గల్లీ దాకా ఎలా వెళ్లానో తెలియదు.

మూడో అంతస్తు గ్యాలరీలో ఆమె రిఫరీ మేజోళ్లు ఆరేస్తోంది.

"నిలేష్ దాదా తాన్కి పొయ్యొచ్చిన," అన్నాను.

చేతిలో క్లిప్పు ఆగింది. "ఏమన్నవ్?"

"మన నడుమ ఏం లేదన్న."

"మంచిగన్నవ్. లేదు గద మరి." మొహం తిప్పుకుంది.

"నాకేం తెల్సు! ఎవడో పుకారు లేపిండనుకున్న!"

"ఆ రూలు కోచ్‌లందరికి ఎరుకే. నీకు గూడ ఎరుకనే అనుకున్న. ఎరుకుండి ఒక్క మాట అంటలేవంటే, నీకు ఇష్టం లేదేమో అని..." క్లిప్పు తీగకు గుచ్చింది. "రోజు చాయ్ తాగుతవ్. ఏం సమజ్ కావాలె నాకు?"

నేనొక్కణ్ణే అయోమయంలో ఉన్నాననుకున్నాను ఇన్నాళ్లూ.

"నాకు రూలే తెల్వదు ప్రతీక్షా!"

"గందుకే చదువుమన్న!"

"ఇంక టైమ్ ఉంది. ఏం లేదని నిలబడి చెప్తే ఫైనల్ నీదే. చెప్పాల్నా?"

"నిజంగ ఏం లేదా?"

"ఉంది," అన్నాను. "కార్డు చూపిచ్చిన దినం నుంచి ఉంది. నువ్వు లేని మ్యాచ్‌ల ఎవనితోని కొట్లాడాల్నో గూడ సమజ్ అయితలేదు. నువ్వంటే నాకు పానం."

చుట్టుపక్కల గదుల్లో టీవీలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

"మరి అబద్ధం ఎట్ల చెప్తవ్? మీ పోరడు బాక్స్‌ల పడితే నేనేం ఊదాలె? పెనాల్టీ ఇస్తే నీ కోసం ఇచ్చిన్నంటరు. ఇయ్యకుంటే నా మీద నాకే అనుమానం."

"నేను బెంచి మీద కూసోను. కోచింగ్ ఇడిసిపెడ్త."

"ఫైనల్ ముంగట పోరలను ఇడిసేటోడు నాకొద్దు."

ఫోన్ తీసి స్పీకర్ పెట్టాను. "దాదా, ఆమె చెప్పిందే నిజం. బంధువును ఇంకా కాలేదు, అంతే."

"ఆలోచించుకో. ఫైనల్ పోతుంది," అన్నాడు నిలేష్ దాదా.

ప్రతీక్ష వంగి తనే చెప్పింది. "నా పేరు తీసెయ్యండి సర్." ఆ మాట అనేసి గ్యాలరీ కటకటాలు పట్టుకుని ఏడ్చింది. దగ్గరుండి చూస్తే నా మోకాలు విరిగిన రోజు కూడా అంత నొప్పి లేదనిపించింది.

"వచ్చే ఏడు నేను చిన్నపిల్లల టీమ్ పట్టుకుంట," అన్నాను. "సీనియర్ల దిక్కు రాను. గప్పుడు నీకు ఏ ఫైనల్ అడ్డముండది."

"కోచ్ పని నీకు పానం గద?"

"పిల్లలకు నేర్పుడు గూడ కోచ్ పనే. దాదాకు ఇప్పుడే చెప్త."

"వింటున్నాను," అంది ఫోన్. కట్ చేయడం మర్చిపోయాను.

లోపల్నుంచి లచ్చయ్య కాకా బయటికొచ్చాడు. చేతులకు ఇంకా సిమెంటు ఉంది. నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"వానల, బురదల ఉరికి సంపాయించుకున్న ఫైనల్ అది. నీ కోసం ఇడిసింది నా బిడ్డ. ఎరుకేనా?"

"ఎరుకే కాకా."

"ఆదివారం లక్ష్మవ్వను తోల్కరా."

"నాయనా, ఆదివారం ఫైనల్," అంది ప్రతీక్ష కళ్లు తుడుచుకుంటూ.

"ఆట మాపటికి గద. పొద్దుగాల రమ్మను." ఆయన ఫోన్ దగ్గరికి వంగాడు. "దాదా, నువ్వు గూడ రావాలె. బంధువు అయ్యిండో కాలేదో నీ ముంగటనే తేలుస్త."