పొగ చూడని కళ్ళు

"ఇక ఈ కాళ్ళు పనికిరావమ్మా!" అంటూ కెండ్రెల్ వంటింటి గుమ్మంలోనే కూలబడ్డాడు. తొడ వెనక కండరం పట్టేసింది. ఓజెల్లా మొక్కజొన్న పిండి గిన్నె అక్కడే వదిలేసి, ఐసుముక్కలు గుడ్డలో చుట్టుకుని పరుగున వచ్చింది. పద్దెనిమిదేళ్ళ వాడు, ఆరడుగుల మనిషి, పసివాడిలా వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఏ తల్లి ప్రాణం నిలుస్తుంది చెప్పండి!

బంతిని చేత్తో విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో, కాలేజీ జట్టులో చేరి ఎన్నాళ్ళయిందని? సరిగ్గా పదకొండు రోజులు! ఎంత దూరం విసిరినా బంతి కిందికి దూసుకెళ్ళి అందుకుంటాడనీ, వంద మీటర్లు పదిన్నర సెకన్లలో దాటేస్తాడనీ విని, ఉచితంగా చదివిస్తామని పిలిచారు వాళ్ళు. తీరా అక్కడ యంత్రం పెట్టి కొలిస్తే సెకనులో మూడు పదోవంతులు ఎక్కువ! మళ్ళీ కొలిచారు. మళ్ళీ అంతే! "ఇంటికెళ్ళి కాళ్ళు సాగదీసుకుని రా. శుక్రవారానికి పాత వేగం రాకపోతే నీ చోటు ఇంకొకడికిస్తాం" అన్నాడు కోచ్. అప్పట్నించీ మూడు రోజులుగా ఆగస్టు ఎండలో బడి మైదానం చుట్టూ పరుగే పరుగు... పిచ్చితండ్రి!

"పదకొండు రోజుల్లో ఏం తిన్నావురా, ఆ కాలేజీనే మింగేశావా?" అంది ఓజెల్లా అక్క వెర్నిటా, వాణ్ణి నవ్విద్దామని. ఎవరూ నవ్వలేదు. ఆవిడ చిన్నబోయి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

"నా వేగం ఎక్కడ పోగొట్టుకున్నానమ్మా? ఏం పాపం చేశాను?"

ఓజెల్లా ఇక తట్టుకోలేకపోయింది. "నువ్వేం పోగొట్టుకోలేదు నాన్నా... పాపం నాది!"

బడి పరుగు పందాల్లో ముగింపు గీత దగ్గర గడియారం పట్టుకునే దిక్కు లేక, నాలుగేళ్ళూ వాడి వరుసకి ఆవిడే పట్టింది. అటు చివర పరుగు మొదలెట్టించే పిస్తోలు పొగ కనబడగానే మీట నొక్కాలి. చప్పుడు విని నొక్కితే, అది ఇంత దూరం వచ్చేసరికి ఆలస్యమైపోయి, గడియారం అంత తక్కువ సమయం చూపిస్తుంది. కానీ పిస్తోలు పైకి లేచిందంటే చాలు, "ప్రభువా, నా బిడ్డ పడిపోకుండా చూడు" అని కళ్ళు మూసుకునేది ఆవిడ! ఇక చప్పుడే గతి. రెండో ఏడు ఎవరో పెద్దాయన చెబితే తప్పు తెలిసింది. ఆ రోజు కళ్ళు తెరిచే నొక్కింది. అంకె చూసుకుని వాడు బస్సు చాటున ఎంత ఏడ్చాడని! ఆ పై వారం... మళ్ళీ కళ్ళు మూసుకుంది. తెలిసే మూసుకుంది!

అంతా విని కెండ్రెల్ తొడ మీది ఐసుగుడ్డ తీసి పక్కన పెట్టాడు.

"అంటే... నాకసలు ఎప్పుడూ లేదన్నమాట."

"నాన్నా..."

"పోయిందనుకున్నప్పుడే నయం కదమ్మా! ఒకప్పుడైనా ఉండేదనుకున్నాను..."

ఓజెల్లా తల బాదుకుంది. "నన్ను తిట్టరా! కొట్టరా! ఇప్పుడే మీ కోచ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పేస్తాను!" అంటూ లేచింది. వాడు చెయ్యి పట్టి ఆపాడు.

"చెబితే మాత్రం నన్ను ఉంచుకుంటారా? ఊళ్ళో నీ పరువు కూడా పోతుంది. ఊరుకో అమ్మా... కాలు దెబ్బతిందని నేనే చెబుతాలే."

అలాగే చెప్పాడు. శుక్రవారం వాడి చోటు ఇంకొకడికి పోయింది.

ఆదివారం చర్చిలో ఆడవాళ్ళంతా ఓజెల్లా చుట్టూ చేరారు. "అయ్యో తల్లీ, అంతటి వేగం! ఒక్క కండరంతో పోయిందా!" అని ఒక్కొక్కరూ కావలించుకుని కళ్ళొత్తుకున్నారు. ప్రతి కౌగిలీ ఆవిడ ఒంటికి నిప్పులా తగిలింది. కుంటుతూ వచ్చి పక్కన నిలబడ్డ కొడుకు తల వంచుకుని వింటున్నాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది... మింగేసింది.

"అవునమ్మా," అంది ఓజెల్లా, వాడికి వినబడేలా. "ఎంత వేగంగా పరుగెత్తేవాడో నా బిడ్డ!"