రాహుకాలంలో రష్యన్ ఫోను

రాహుకాలంలో ఆరంభించిన మాట ఫలించదని ఒక నమ్మకం. ఈ నమ్మకం కారణంగా రోజుకు గంటన్నర చొప్పున, వారానికి పదిన్నర గంటలపాటు, చదువుకున్నవారు సైతం ముఖ్యమైన విషయాలు మాట్లాడకుండా కూర్చుంటారు. దీన్ని ఎవరైనా నియమబద్ధంగా పరీక్షించారో లేదో తెలియదు. సౌదీ అరేబియాలోని యాన్బులో ఒక బుధవారం మధ్యాహ్నం అటువంటి పరీక్ష ఒకటి జరిగింది. జరిపినవారికి ఆ ఉద్దేశం లేదు.

అనురాగ్‌ది కరీంనగర్. యాన్బులో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో కొనుగోళ్ళ ఇంజనీరు. ప్లాంటులోని పంపులు కారకుండా వేసే సీళ్ళు కావాలంటే మాస్కో సమీపంలోని ఒక కర్మాగారానికి ఫోను చేయాలి. అక్కడి అమ్మకాల అధికారిణి ఓల్గా సెర్గేయెవ్నాకు ఇంగ్లీషు రాదు.

మొదటిసారి అతడు, "హలో మేడమ్, అనురాగ్ దిస్ సైడ్" అన్నాడు. ఆమె ఒకే ఒక్క మాట అని ఫోను పెట్టేసింది. రెండోసారి అనువాదం చేసే యాప్ చేత మాట్లాడించాడు. ఇన్సూరెన్సు ప్రకటన అనుకుని ఆమె అదే మాట అని, మళ్ళీ పెట్టేసింది.

ఆ వారంలోనే ఇఖామా అనే నివాసపత్రం రెన్యూవల్ కోసం వైద్య పరీక్షకు పాలీక్లినిక్‌కు వెళ్ళాడు. అక్కడి డాక్టరు షైని, బీపీ యంత్రం మూడోసారి మొరాయించగానే దాని నెత్తిన ఒకటి చరిచి, "చోర్త్!" అన్నది.

అనురాగ్ కుర్చీలోంచి సగం లేచాడు. "మేడమ్, ఇప్పుడు మీరేమన్నరు?"

"మిమ్మల్ని కాదండీ బాబూ, దీన్ని!"

"అది గాదు. మాస్కో నుంచి ఒకామె నన్ను రెండుసార్లు అదే అన్నది."

షైని అతణ్ణి ఎగాదిగా చూసింది. "దయ్యం అని అర్థం. రష్యాలో ఆరేళ్ళు ఎంబీబీఎస్ చదివితే ఒంటబట్టింది. మా నాన్న ప్రతి శుక్రవారం ఇంట్లో బైబిలు ప్రార్థన పెట్టించే మనిషి. ఆయనకి మాత్రం తెలియకూడదు. ఇంతకీ ఏం చేశారేంటి ఆవిణ్ణి?"

"హలో అన్న."

"అంతేనా?"

"అంతే."

"అయితే ఆవిడ అన్నది తక్కువే" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యాక తీసిన బీపీ నూట యాభై ఉంది. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ తీస్తే నూట ఇరవై. ఆ ఐదు నిమిషాలూ ఆమె పక్క గదిలో ఉన్నది.

పాఠాలు ఫోనులోనే జరిగాయి. ఫోను మాటలు ఫోనులోనే నేర్వాలని షైని వాదన. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు.

"ముందు 'డోబ్రీ ద్యేన్' అనాలి. తర్వాత 'వాస్ బిస్పకోయిత్ అనురాగ్'. అంటే, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది అనురాగ్ అని."

"నేనే ఒప్పుకోవాల్నా?"

"ఒప్పుకోవాలి. తర్వాత, మాట్లాడ్డానికి వీలుగా ఉందా అని అడగాలి. ఆ తర్వాతే పని. అన్నిటికంటే ముఖ్యం, పేరు పక్కన వాళ్ళ నాన్న పేరు కలిపి పిలవాలి. ఓల్గా సెర్గేయెవ్నా అంటే సెర్గేయ్ గారమ్మాయి ఓల్గా. ఉత్త ఓల్గా అన్నారో, మళ్ళీ దయ్యమే."

ఆరో పాఠం నాటికి అనురాగ్‌కు రెండు విషయాలు రూఢి అయ్యాయి. ఒకటి, ఓల్గాతో మాట మొదలుపెట్టడం అతనికి వచ్చింది. రెండు, షైనితో తాను చెప్పదలచుకున్న మాటను మొదలుపెట్టడం రాలేదు. దానికి రష్యనులోనూ, తెలుగులోనూ ఏ పాఠమూ లేదు.

"రేపటి నుంచి నన్నే ఓల్గా అనుకుని ప్రాక్టీసు చేయండి" అన్నది షైని.

"అయితే మీ నాన్నగారి పేరు కావాలె."

"నేనెందుకు చెబుతాను? ఫోను చేసేముందు వాళ్ళ పేర్లు కనుక్కోవడం మీ పని. హోంవర్కు!"

అనురాగ్ తన మేనేజరు అచ్యుతరావును అడిగాడు. యాన్బు తెలుగు సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆయన బల్లమీది అద్దం కింద వారంలో ఏడు రోజుల రాహుకాలాల పట్టీ ఉంటుంది.

"సార్, డాక్టర్ షైని వాళ్ళ నాన్నగారి పేరేంది?"

అచ్యుతరావు కళ్ళజోడు తీశాడు. పెళ్ళికాని కుర్రవాడు పెళ్ళికాని పిల్ల తండ్రి పేరు అడిగితే, తెలుగువారిలో దానికి ఒకటే అర్థం. "ప్రేమరాజుగారయ్యా. సేఫ్టీ సూపర్‌వైజరు. బంగారంలాంటి మనిషి" అని, అనురాగ్ గది దాటేలోపే ప్రేమరాజుకు ఫోను చేసి, అబ్బాయి ఉద్యోగం, ఎత్తు, అలవాట్లు అన్నీ వివరించాడు. మతం వేరన్న సంగతి తానే ఎత్తి, తానే సర్దిచెప్పాడు.

ఇదంతా మంగళవారం. అదే రోజు ఓల్గా సెర్గేయెవ్నా ఈమెయిలు పంపింది: బుధవారం పన్నెండు గంటలకు మాత్రమే ఖాళీ. మాస్కోకూ యాన్బుకూ గడియారంలో తేడా లేదు.

"బుధవారం పన్నెండు నుంచి ఒకటిన్నర రాహుకాలం!" అన్నాడు అచ్యుతరావు. "కుదరదు."

"మరి సీళ్ళు ఎట్ల సార్?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "పదకొండు యాభై ఎనిమిదికి ఇంకెవరికైనా ఫోను చేసి, రష్యనులో మొదలుపెట్టు. పన్నెండుకి ఆవిణ్ణి అదే కాల్‌లో కలుపు. మధ్యలో ఎవరు కలిసినా ఆరంభం ఆరంభమే కదా!"

బుధవారం ఆఫీసులో సగంమంది నమాజుకు బయలుదేరుతున్నారు. సరిగ్గా పదకొండు యాభై ఎనిమిదికి అనురాగ్ షైనికి ఫోను చేశాడు.

"డోబ్రీ ద్యేన్, షైని ప్రేమరాజవ్నా! వాస్ బిస్పకోయిత్ అనురాగ్..."

"ఇబ్బందే పెట్టారు!" అన్నది షైని తెలుగులో. "మా నాన్న పొద్దున్న ఇడ్లీ పెడుతూ మీ ఎత్తెంతో చెప్పారు. అయిదడుగుల పది. నాకే తెలీదు! ఎవరినండీ అడిగింది?"

"అచ్యుతరావు సార్‌ని."

"అంతకంటే పేపర్లో వేయించాల్సింది. క్లినిక్‌లో సిస్టరు రూతు కూడా కంగ్రాట్స్ చెప్పింది. ఒక్కటి చెప్పండి. పాఠం కోసం అడిగారా, సంబంధం కోసం అడిగారా? పాఠం కోసమే అయితే నాన్నకి నేనే చెప్పేస్తాను. ఇక మీరు నాకు ఫోను చేయొద్దు."

అనురాగ్ నోరు తెరిచేలోపే గడియారం పన్నెండు కొట్టింది. అలవాటైన వేలు తన పని తాను చేసి, ఓల్గాను కలిపింది.

అవతలి నుంచి గంభీరమైన గొంతు వినిపించింది. అనురాగ్ నేర్చుకున్నది నేర్చుకున్నట్టు, నాన్న పేరుతో సహా, వీలుగా ఉందా అనే ప్రశ్నతో సహా అప్పజెప్పాడు. ఓల్గా గొంతు మెత్తబడింది. అక్కడికి అతని రష్యను అయిపోయింది. షైని అందుకుని సీళ్ళ సంఖ్య, కొలతలు, తేదీ మాట్లాడింది. పన్నెండుంబావుకు అంతా కుదిరింది.

అప్పుడు ఓల్గా ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నాడు అనురాగ్.

"నా గొంతు ఏడ్చినట్టుందట. ఎందుకని అడుగుతోంది."

"మీరేం చెప్పిన్రు?"

"ఉన్నదే చెప్పాను. మా నాన్న పేరు ఎందుకడిగారో మీరింకా చెప్పలేదని." ఆమె ఓల్గా మాటలు మరికొన్ని విన్నది. "ఆవిడ లైన్లోనే ఉంటుందట. జవాబు విని గాని పెట్టదట."

అనురాగ్ గడియారం చూశాడు. పన్నెండు ఇరవై నాలుగు. "పాఠం కోసమే అడిగిన. అది అబద్ధం కాదు. కానీ రష్యన్ నాకు రాకున్నా నడుస్తది మేడమ్. మీరు ఫోన్ ఎత్తని దినం నాకు ఏ పనీ నడవది. మీకు ఇష్టమైతే ఆ పేరు మళ్ళ అడుగుత. ఈసారి ఆయన్నే అడుగుత, ఆయన ముంగట కూసోని."

షైని ఆ మాటలన్నిటినీ రష్యనులోకి అనువదించింది. తనను గురించి ఒకడు చెప్పినదాన్ని తానే, మర్యాద తప్పకుండా, మూడోమనిషికి చెప్పవలసి వచ్చినందున మధ్యలో రెండుసార్లు ఆగింది. ఓల్గా ఒక ప్రశ్న అడిగింది. షైని "దా" అన్నది.

"దా అంటే అవును గదా!"

"అవునే."

"దేనికి?"

"సీళ్ళు మూడు వారాల్లో పంపితే చాలా అని అడిగింది."

అనురాగ్ కుర్చీలో జారిపోయాడు. అవతల ఓల్గా పకపకా నవ్వుతోంది.

"అది ఇందాకటి ప్రశ్నండీ" అన్నది షైని. "ఇప్పుడు అడిగింది వేరే. దానికే దా."

మరునాడు ప్రేమరాజు స్వయంగా ఫోను చేశాడు. "గురువారం కదా బాబూ, మూడు దాటాక రా. మాకు అలాంటి పట్టింపుల్లేవు, కాని మీ మేనేజరు గారు నొచ్చుకుంటారేమోనని."

అనురాగ్ మూడుంబావుకు వెళ్ళి, ఎదురుగా కూర్చుని, "మీ పేరేందండి?" అని అడిగాడు.

"ప్రేమరాజు" అన్నాడాయన. "కూర్చున్నావుగా, భోంచేసి వెళ్ళు."

ఫోను ఆరంభించిన సమయం: పదకొండు యాభై ఎనిమిది. అందులో అసలు మాట ఆరంభించిన సమయం: పన్నెండు ఇరవై నాలుగు, రాహుకాలం. సీళ్ళు ఇరవై రెండో రోజున యాన్బు చేరాయి. అనురాగ్, షైనిల పెళ్ళి ఆ ఏడాది డిసెంబరులో షైని వాళ్ళ ఊరు కాకినాడలో జరిగింది.