పక్షి నాణెం మీద గీతలు

భోజనాలయ్యాక తాతయ్య కాసేపు నడుం వాల్చారు. సుడిగాలి మాత్రం దుమ్ము గుడ్డ పట్టుకుని ఆయన గదిలోకి దూరింది.

సుడిగాలి అన్నది పదేళ్ళ ఆ పిల్లకి ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరు. చేతికి గుడ్డ దొరికిందంటే కుర్చీల దగ్గర్నుంచి స్విచ్చుల దాకా దేన్నీ వదలదు. ఇవాళ తాతయ్య మీద ప్రేమ మరీ పొంగిపోతోంది. తెగిపోయిన స్కూలు బ్యాగు పట్టీని పొద్దున్నే ఆయన ఓపిగ్గా కుట్టిచ్చారు మరి. రేపు ఆయన తన నాణేలని ప్రదర్శనకి తీసుకెళ్తున్నారు. ఏదో ఒక సాయం చెయ్యకపోతే ఎలా?

బల్ల మీద గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో, తాతయ్య ప్రాణంలా చూసుకునే ప్రూఫ్ నాణెం ఉంది. ఖర్చుపెట్టడానికి కాదు, దాచుకోవడానికే ప్రత్యేకంగా ముద్రించిన బంగారు నాణెం అది. మధ్యలో పక్షి బొమ్మ, చుట్టూ అద్దంలాంటి నునుపు. ఆ నునుపు మీద ఓ దుమ్ము నలుసు కనిపించింది.

"అయ్యో, ఇంత అందగత్తెకి ఎవరూ మొహం తుడవలేదా?" అంటూ సుడిగాలి డబ్బీ తెరిచి గట్టిగా రుద్దింది. నలుసు పోయింది. నాణేన్ని లైటు కింద వంచి చూసింది. పక్షి చుట్టూ సన్నటి గీతలు!

గబగబా మూత పెట్టేసింది. వంచి చూస్తే తప్ప ఎవరికీ కనబడవు. కానీ రేపు తాతయ్య "ఒక్క గీత కూడా లేదు" అని మురిసిపోతూ అందరికీ చూపిస్తారు. అది తలుచుకోగానే ఆ పిల్లకి ఏడుపొచ్చింది.

"తాతయ్యా, లే. నీ నాణెం పాడుచేశాను."

తాతయ్య భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"తుడిచావా?"

"మెరవాలని..."

"ప్రూఫ్ నాణేన్ని తుడవకూడదు తల్లీ. గుడ్డలో ఉన్న దుమ్మే గీకేస్తుంది. పట్టుకున్నా అంచులే పట్టుకోవాలి. ఆ మాట నీకు ముందే చెప్పాల్సింది."

"బాగుచేయించొచ్చా?"

"కుదరదమ్మా. ఇక ఇంతే."

ఆయన భూతద్దం పక్కన పెట్టేశారు. సుడిగాలి బావురుమంది. తాతయ్య దగ్గరికి తీసుకున్నారు.

"బాధగానే ఉంది, లేదని ఎందుకనాలి? కానీ నువ్వు చెప్పకపోతే రేపు తెలీకుండానే అందరికీ అబద్ధం చెప్పేవాణ్ణి. నా మాట పోకుండా కాపాడావు. థాంక్స్ తల్లీ."

మర్నాడు ప్రదర్శనలో పక్షి నాణెం ముందు ఒకావిడ ఆగి, వంగి ఏటవాలుగా చూశారు. ఆవిడ ఒక చేతిలో తెరిచిన డబ్బీ, అందులో బంగారు నాణెం. రెండో చేతిలో రుమాలు.

"ఈ గీతలేంటండీ?" అని అడిగారావిడ.

"మా ఇంట్లోనే పడ్డాయండీ," అన్నారు తాతయ్య.

సుడిగాలి ముందుకొచ్చింది. "నేనే తుడిచానాంటీ. శుభ్రం చేస్తున్నాననుకున్నాను. గుడ్డ తగిలితే ఇలా గీతలు పడతాయి. మీది తుడవకండి, ప్లీజ్."

ఆవిడ రుమాలు వైపు చూసుకుని, చటుక్కున మడిచి బ్యాగులో పెట్టేశారు.

"మా నాన్న ఇచ్చింది ఇదొక్కటే ఉందమ్మా. ఇప్పుడే తుడవబోయాను. నీకు ఎన్ని థాంక్సులు చెప్పినా తక్కువే. ఇదిగో, పట్టుకుని చూస్తావా?"

సుడిగాలి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"డబ్బీ మీరే పట్టుకోండాంటీ. నేను ఇక్కణ్ణుంచే చూస్తాను."