మొదటి లిస్టు వచ్చిన రోజు

"ఒరే, ఆ ఫోనుకేసి అలా సూస్తే సీటు వచ్చేస్తాదేటి? బేగి లెగు. బయటికెల్లి ఏదో ఒకటి సెయ్యి!" అని జగన్నాధం కొడుకుని ఇంట్లోంచి తరిమేశాడు.

నీట్ రాసి, మెడికల్ సీట్ల లిస్టు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న ఇరవయ్యేళ్ల పృథ్వీరాజ్ అలా ఆమదాలవలస వెయిట్ లిఫ్టింగ్ షెడ్డులోకి వచ్చి పడ్డాడు.

లోపల ఒకమ్మాయి అరచేతులకు తెల్ల పౌడరు రాసుకుంటోంది. ఆమె ముందు ఇనుప ప్లేట్లు తగిలించి ఉన్న బార్ చూసి అతను మర్యాదకు పోయాడు.

"ఇంత బరువా? ప్లేట్లు తియ్యడానికి హెల్ప్ చెయ్యనా అండీ?"

ఆమె వంగి, బార్‌ని తల మీదకెత్తి, అతని కళ్లలోకి చూస్తూ నిలబడి, దభీమని కింద పడేసింది.

"తియ్యి. హెల్పు సేస్తానన్నావు గదా."

పృథ్వీ లాగాడు. ప్లేటు వచ్చింది. దాంతోపాటు అతనూ వెనక్కి వచ్చి నేలమీద చతికిలబడ్డాడు. ఆమె నవ్వుకి రేకుల షెడ్డంతా మోగింది.

పేరు యమున. ఆమె కూడా లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుని నీట్ రాసిందే, సీటు కోసం చూస్తున్నదే. కోచింగ్ కోసం మానేసిన ప్రాక్టీసుని పరీక్ష అయిన మర్నాడే మళ్లీ మొదలుపెట్టింది.

"నీకు టెన్షన్ లేదా?" అడిగాడొకరోజు.

"ఎందుకు లేదు? బార్ పట్టుకున్నంతసేపూ ఉండదు. ఆ కాసేపే నాకు సుకం."

పృథ్వీ రోజూ వెళ్లాడు. ఉత్త బార్ ఎత్తడం నేర్చుకున్నాడు. "ఏటా ఊగుడు, కొబ్బరిమట్టవా?" లాంటి తిట్లు తినడం అంతకన్నా బాగా నేర్చుకున్నాడు. వాన పడితే ఇద్దరూ చూరు కింద నిలబడి ఉడకేసిన వేరుశెనక్కాయలు ఒలుచుకునేవారు. వాన ఆగిపోతే అతనికి కోపం వచ్చేది.

మొదటి లిస్టు, విజయనగరంలో వెయిట్ లిఫ్టింగ్ పోటీలు ఒకే రోజున వచ్చాయి. యమునకి తోడుగా పృథ్వీ కూడా వెళ్లాడు. ఆమె ఆఖరి ఎత్తుకి సిద్ధమవుతుండగా ఫోన్ తీశాడు. అతనికి శ్రీకాకుళంలో సీటు. ఆమె పేరు లేదు. మళ్లీ వెతికాడు. లేదు.

"ఏటి, మొహం అలా పెట్టినావు?" అంది యమున.

"ఏటీ లేదు. ఎండ."

"బయట వాన పడతన్నాది."

ఆమె పేరు పిలిచారు. బార్ పైకి లేచింది. మోకాళ్లు వణికాయి. చేతులు మాత్రం వంగలేదు. ఎత్తు సరిగ్గా ఉందని జడ్జీల మూడు తెల్ల దీపాలూ వెలిగాయి. రజత పతకం! పృథ్వీ గొంతు చిరిగేలా అరిచాడు.

తర్వాత వరండాలో, "యమునా... లిస్టు..." అని నసిగాడు.

"నాకు రాలేదు. నీకు శ్రీకాకుళం. కంగ్రాట్స్."

"నీకు తెల్సా!"

"నీకన్నా ముందే సూసినాను."

"మరి సెప్పలేదేం?"

"సెప్తే నీ సంతోషం మానేసి నాకోసం ఏడుస్తావు. అప్పుడు నాను బరువెత్తాలా, నిన్నెత్తాలా?"

అంటూనే ఆమె కళ్లు నిండిపోయాయి. పృథ్వీ ధైర్యం చెప్పలేదు. పక్కన నిలబడ్డాడు.

"నువ్వంటే నాకిష్టం. సీటు వచ్చినా, రాకపోయినా."

ఆమె గిరుక్కున తిరిగింది. "జాలా?"

"నీ మీద జాలి పడేంత మొనగాణ్ణా? నీ పక్కన నిలబడాలంటేనే నాకు బయ్యం!"

ఏడుస్తున్న మనిషి ఫక్కున నవ్వేసింది. "రెండో లిస్టు రానీ. అప్పుడు జవాబు సెప్తాను."

"నీ పేరు రాకపోతే?"

"అప్పుడూ సెప్తాను."

రెండో లిస్టులో యమునకి విజయనగరంలో సీటు వచ్చింది. పృథ్వీ పరుగున వాళ్లింటికి వెళ్లాడు. యమున తల్లి తవిటమ్మ గుమ్మంలో కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"సీటొచ్చిన సంగతి మాకు తెల్సు. మరి నీకేటి కావాల?"

పృథ్వీ గుమ్మం లోపలికి తొంగిచూశాడు. లోపల్నుంచి యమున గొంతు వినిపించింది.

"అమ్మా, ఆడికి నాను కావాలట. సరే అన్నానని సెప్పు!"

తవిటమ్మ కత్తిపీట పక్కన పెట్టి, అతన్ని తలనుంచి కాళ్లదాకా చూసింది.

"ఇద్దరి సదువులూ అవనీండి, మీ నాన్నతో నానే మాటాడతాను. ముందు కాళ్లు కడుక్కుని అన్నానికి రా. మా యింటి అల్లుడు ఇంత సన్నంగా ఉంటే నలుగురూ ఏటనుకుంటారు?"