స్కాట్లండ్ గొడవలో మా పెళ్లి

నా తప్పేమిటో మీరే చెప్పండి. చీటీ తీయమన్నారు, తీశాను. అందులో ఏముంటే అది మాట్లాడమన్నారు, మాట్లాడాను. అంతమాత్రానికే దుబాయ్ పక్కన ఈ రాస్ అల్ ఖైమాలో ఉన్న తెలుగువాళ్లంతా నా మీద పడ్డారు!

అది 2022 నవంబరు ఆఖరు. 2014లో వద్దనుకున్న విడిపోవడం మీద స్కాట్లండ్ మళ్లీ ఓటు పెట్టుకోవాలంటే లండన్ ఒప్పుకోవాల్సిందేనని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మా క్వారీ కంపెనీలో స్కాట్లండ్ ఇంజనీర్లకూ ఇంగ్లండ్ ఇంజనీర్లకూ లంచ్ టేబుల్ దగ్గర మాటల్లేవు. మా హెచ్.ఆర్.లో పనిచేసే నాజియా హైదరాబాదీ, తెలుగు సంఘానికి సెక్రటరీ కూడా. "అరే భాయ్, ఇంత మస్తు టాపిక్ మళ్లెక్కడ దొరుకుతది?" అని ఆదివారం డిబేట్‌కి దాన్నే పెట్టేసింది. బ్రిటన్ నుంచి విడిపోవడం మీద స్కాట్లండ్‌కి ఇంకో ఓటు ఇవ్వాలా, వద్దా?

నా చీటీలో 'వద్దు' అని వచ్చింది. నాది జగిత్యాల. 'ఇవ్వాలి' అని చీటీ తీసిన అమ్మాయిది రాజమండ్రి. పేరు శ్రీజ, బ్యాంకులో ఉద్యోగం. ఆమెను చూడటం అదే మొదలు.

"విడిపోవద్దని జగిత్యాల పోరగాడు, విడిపోనియ్యమని రాజమండ్రి పిల్ల! ఏం తమాషా ఉందిరా అల్లా!" అని నాజియా మైకులోనే నవ్వింది.

నేను లేచాను. "ఒక్కసారి అడిగారు, జవాబు వచ్చింది. ఖలాస్! మనకు నచ్చిన జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటే దాన్ని ఓటు అనరు, సతాయించడం అంటారు" అన్నాను. చప్పట్లు మోగాయి.

శ్రీజ మైకు అందుకుంది. ఆ కళ్లు చూస్తే నేను నిజంగానే స్కాట్లండ్‌ని అమ్ముకుని వచ్చాననిపించింది.

"పెళ్లిచూపుల్లో సొంతిల్లుందని చెప్పి, పెళ్లయ్యాక అద్దె కొంపలో దింపితే ఊరుకుంటారా అండీ? 2014లో లండన్‌వాళ్లు 'మాతో ఉంటేనే యూరప్ కూటమిలో ఉంటారు' అని చెప్పి ఓటేయించుకున్నారు. రెండేళ్లు తిరక్కుండా ఆ యూరప్‌లోంచే బయటికి లాగారు. వాళ్లలో నూటికి అరవై రెండు మంది వద్దు మొర్రో అన్నా వినలేదు. మాట తప్పింది మీరు, మళ్లీ అడగొద్దనేదీ మీరేనా?"

నాకు ఒళ్లు మండింది. ఆమె చాలా బాగా మాట్లాడినందుకు ఇంకా మండింది.

అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. "అమ్మాయ్, రాష్ట్రాన్ని చీల్చినప్పుడు మమ్మల్నెవడడిగాడు?" ఇంకో మూల నుంచి జవాబు వచ్చింది. "అరవై ఏండ్లు అడిగినం! మా మాట ఎవడన్న ఇన్నడా?" ఇక చూడండి! కుర్చీలు జరిగాయి, గొంతులు లేచాయి. "స్కాట్లండ్ భాయ్, స్కాట్లండ్! మన పంచాయితీ కాదిది!" అని నాజియా మొత్తుకుంటోంది. వినేవాడెవడు?

నాతో రోజూ క్రికెట్ ఆడేవాళ్లు "ఏంరా దేవేందర్, సమైక్యాంధ్రల ఎప్పుడు చేరినవ్?" అని మొహం తిప్పుకున్నారు. అక్కడ శ్రీజను వాళ్ల నాన్న వేణుగోపాలరావుగారు అందరి ముందే దులిపేస్తున్నారు. "విడిపోవడాన్ని సమర్థిస్తావా? నా కూతురివేనా నువ్వు?"

పార్కింగ్‌లో ఎదురుపడ్డాం. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఈ దేశంలో వాన పడితే జనం బయటికొచ్చి ఫొటోలు తీసుకుంటారు. మేమిద్దరం మాత్రం పోట్లాడుకున్నాం.

"మీ వల్ల మా నాన్న నాతో మాట్లాడట్లేదు."

"నీ వల్ల నన్ను క్రికెట్ టీంల కెల్లి తీసేసిన్రు!"

"నీ ఏంటండీ, నీ? మర్యాద ఇవ్వడం రాదా?"

"మా దిక్కు గట్లనే మాట్లాడుతం. సరే, మీ! మీ వల్ల! సాలా?"

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది. అంతే, నా పని అయిపోయింది.

ఇక్కడి చిక్కటి కరక్ చాయ్ తాగుతూ ఆ గొడవే కొనసాగించాం. తర్వాత ఫోన్లో కొనసాగించాం. జనవరి వచ్చేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. స్కాట్లండ్ సంగతి తేలలేదు గానీ, సాయంత్రం ఆమె ఫోన్ రాకపోతే నాకు అన్నం సహించేది కాదు. ప్రేమ అన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

ఇంకో వింత. వేణుగోపాలరావుగారికి నేనంటే మహా ఇష్టం ఏర్పడింది! "తెలంగాణ కుర్రాడైనా న్యాయం మాట్లాడాడు. కలిసి ఉండాలని ధైర్యంగా చెప్పాడు" అని ఇంటికి భోజనానికి పిలిచారు. శ్రీజ వాళ్లమ్మ సీతాదేవి ఆంటీ గుత్తివంకాయ వడ్డించారు. ఆయన నా వీపు తట్టి "నీలాంటివాళ్లుంటే రాష్ట్రం ఒక్కటిగా ఉండేదయ్యా" అన్నారు.

ఇంకేం కావాలి? మా వైపు పద్ధతి ప్రకారం పెద్దవాళ్లనే ముందు అడగాలి కదా. మర్నాడే ఆయన ఆఫీసుకు వెళ్లి, చేతులు కట్టుకుని అడిగేశాను. "అంకుల్, శ్రీజను నాకిచ్చి చేయండి."

ఆయన మొహం మాడిపోయింది. "వద్దు బాబూ."

"ఎందుకు అంకుల్? కలిసి ఉండాలె అన్నరు కదా!"

"రాష్ట్రం కలిసి ఉండటం వేరు, పిల్లనివ్వడం వేరు. పదిహేనేళ్లు హైదరాబాదులో బతికినవాణ్ణి. రాష్ట్రం విడిపోగానే ఆఫీసులో పక్క సీటువాడే 'ఇంక మీ ఊరికి మీరు పోండి సార్' అన్నాడు. ఆ గడపకి నా పిల్లని పంపను."

నాకు తిక్క రేగింది. ఎవడో అన్నదానికి నేను జవాబు చెప్పాలా? నాలుగు రోజులు ఓపిక పట్టి మళ్లీ వెళ్లాను. ఆయన కళ్లజోడు కూడా తీయలేదు.

"ఒక్కసారి అడిగావు, జవాబు వచ్చింది. ఖలాస్. మళ్లీ మళ్లీ అడిగితే సతాయించడం అంటారని చెప్పింది నువ్వే కదయ్యా!"

ఇది అన్యాయం కాదూ? చీటీలో వచ్చిన మాటకు నన్ను ఉరి తీస్తారా?

మండిపోతూ శ్రీజకు ఫోన్ చేశాను. "చూడు మీ నాయిన ఎంత పని చేసిండో! రెండుసార్లు పోయి అడిగినా కూడ ఒద్దన్నడు!"

"ఏం అడిగావు?"

"నిన్ను నాకియ్యమని."

అవతల టీవీ కట్టేసిన చప్పుడు వినిపించింది. నాకోసం బాధపడుతోందనుకున్నాను, వెర్రివాణ్ణి.

"నువ్వు రెండుసార్లు అడిగావు. ఆయన రెండుసార్లు వద్దన్నారు. నేనేమన్నా మీ ఆఫీసు కుర్చీనా, ఈ గదిలోంచి ఆ గదికి జరపడానికి? నువ్వంటే నాకు ఇష్టమో కాదో తెలుసా నీకు? ఏనాడైనా అడిగావా?"

"పెద్దోళ్లను ముందు అడుగుడే మర్యాద అనుకున్న..."

"మీ ఇద్దరి మర్యాదా మీరే దాచుకోండి. నాకు ఫోన్ చెయ్యకు!"

ఆయన కాదంటే ఎలాగోలా ఒప్పించవచ్చు. శ్రీజ వద్దంటే నేనెక్కడికి పోను? ఆ వారమంతా క్వారీలో నా మొహం చూసి నాజియా "క్యా మియా, ఎవరన్న పోయిన్రా?" అని అడిగింది. పోయింది నేనే అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఇక ఆగలేక వాళ్లింటికి వెళ్లాను. వాన. తడిసి ముద్దై తలుపు కొట్టాను. వేణుగోపాలరావుగారే తీశారు.

"మూడోసారా? నీకు సిగ్గు లేదూ?"

"మిమ్మల్ని అడగనీకి రాలేదు అంకుల్. శ్రీజతోటి మాట్లాడనీకి వచ్చిన."

"దాంతో మాట్లాడేదేముంది? ఈ ఇంట్లో ఆ విషయం ఎప్పుడో తేలిపోయింది!"

"ఎవరు తేల్చారు?" లోపలి నుంచి గట్టిగా వినిపించింది. శ్రీజ అనుకున్నాను. కాదు, సీతాదేవి ఆంటీ. చేతిలో గరిటె, కళ్లలో నిప్పులు. వెనకాల శ్రీజ, ఏడ్చిన మొహంతో.

"ఏవిటే నీ గొడవ?" అన్నారాయన.

"తొమ్మిదేళ్లుగా వింటున్నాను మీ గొడవ! మమ్మల్ని అడక్కుండా రాష్ట్రం చీల్చారు, మా నోట్లో మట్టి కొట్టారు, మాకో మాటుండదా అని అన్నం ముందు కూర్చున్నా అదే, పండగొచ్చినా అదే. నిజమే, మిమ్మల్ని అడగలేదు. ఆ మంట ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా? మరి దీన్ని అడక్కుండా దీని పెళ్లి ఎలా తేల్చేశారండీ?"

ఆయన గరిటె వంక చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

ఆంటీ నా వైపు తిరిగారు. "నువ్వేం తక్కువ తిన్నావా బాబూ? ఆయన దగ్గరికి రెండుసార్లు వెళ్లావు. దీని దగ్గరికి ఒక్కసారి రావడానికి నోరు లేదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అలా నీళ్లు కారుతూనే, అందరి ముందే అడిగాను.

"శ్రీజా, నువ్వంటే నాకు పానం. నన్ను చేసుకుంటవా? ఒద్దంటే చెప్పు, ఈ గడప మళ్ల తొక్క."

ఆమె చెంపలు తుడుచుకుంది. నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"ముందు నాకు సారీ చెప్పు."

"సారీ. వెయ్యిసార్లు సారీ."

"అయితే చేసుకుంటాను."

వేణుగోపాలరావుగారు సోఫాలో కూలబడ్డారు. "అంటే నేను వద్దన్న దాని మీద మళ్లీ ఓటు పెట్టారన్నమాట!"

"మళ్లీ ఏంటి నాన్నా? నన్నడగడం ఇదే మొదలు" అంది శ్రీజ. ఆ మాటలో కోపం లేదు. ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "మిమ్మల్ని మీ ఊరికి పొమ్మన్నాడే, వాడు వేరు. ఈయన వేరు. ఈయన్ని నేను చూసుకుంటాను కదా."

ఆయన చాలాసేపు కూతురి చేతినే చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నా మీద విరుచుకుపడ్డారు. "అలా నీళ్లోడుతూ నుంచుంటావేంటయ్యా, తివాచీ పాడవుతోంది! మీ నాన్నగారి నంబరివ్వు."

"ఎందుకు అంకుల్?" బెదిరిపోయాను.

"వాళ్లనీ అడగాలి కదా" అన్నారాయన గుర్రుగా. "అడక్కపోతే వాళ్లకి మాత్రం కోపం రాదూ?"