దసరా కార్డు మీద కదిలిన బాణం

సోమయ్యలోని లోపాలన్నీ రాయాలంటే రీము కాగితం చాలదు గానీ, కళావతిని నిజంగా వేధించేది ఒక్కటే. ఆయన కంప్యూటర్‌ను కూడా దుకాణం షట్టర్‌లాగే మూస్తాడు. రాత్రి పడుకోబోతూ గోడకున్న స్విచ్ టప్పున తీసేస్తాడు. లోపల ఏం తెరిచి ఉందో, ఎవరు ఏం రాసుకుంటూ సగంలో ఆపారో ఆయనకు అక్కర్లేదు.

"మనిషి గూడ పండుకునే ముందు కాళ్లు కడుక్కుంటడు. దానికి గంత మర్యాదన్న ఇయ్యుండ్రి. షట్‌డౌన్ కొట్టి, తెర నల్లగైనంక స్విచ్ తీయాలె," అంది ఆ ఉదయం, మైదా గంజి కలుపుతూ.

"ఇన్నేండ్ల సంది దుకాణం మూస్తున్న. ఒక్క బియ్యం బస్తా అన్న ఫిర్యాదు చేసిందా?" అని సోమయ్య చెప్పులేసుకున్నాడు.

జనగామ మార్కెట్ రోడ్డులో ఆయనది కిరాణా హోల్‌సేల్. కళావతిది బీఏ, ఆ తర్వాత వంటిల్లు. ఏటా బతుకమ్మ రోజుల్లో చుట్టాలకు దసరా కార్డులు ఇంట్లోనే చేస్తుంది. పాత పెండ్లిపత్రికల వెనక ఖాళీగా ఉన్న అట్టను మడుస్తుంది. దాని మీద బియ్యం బస్తా కింద అణచిన తంగేడు పూలు, రంగులో ముంచి ఆరబెట్టిన గునుగు. లోపల దసరా బంగారంగా ఒక జమ్మి ఆకు. ఎదురుగా లేనివాళ్లకు బంగారం పోస్టులోనైనా పోవాలి కదా. నిరుటి దాకా మాటలు చేత్తో రాసేది. ఈ ఏడు కంప్యూటర్‌లో కొట్టి, అచ్చు తీసి, కత్తిరించి అతికిస్తోంది.

కూతురు ప్రసన్న డిగ్రీ పాసైనప్పుడు మేనమామ ఉమేష్ తెచ్చిన కానుక ఆ కంప్యూటర్. ఉమేష్ కళావతికి ఒక్కగానొక్క తమ్ముడు. భూపాలపల్లిలో కంప్యూటర్ల దుకాణం. తానే వచ్చి హాల్లో నెట్‌తో సహా అన్నీ అమర్చి, "ఏమన్న చెడిపోతే నేను ఆడ కూసోనే బాగుచేస్త అక్కా. పగటిపూట మాత్రం బందు పెట్టకుండ్రి," అని చెప్పి పోయాడు. తమ్ముడి మాటను కళావతి నోములా పాటిస్తోంది.

గదిలోంచి ప్రసన్న సంచి ఈడ్చుకుంటూ వచ్చింది. వారం నుంచి తల్లితో సరిగ్గా మాట్లాడటం లేదు. తెర ముందు తల్లిని చూస్తే మాత్రం పాఠం చెప్పకుండా ఉండలేదు.

"అది సేవ్ చేసినవా?"

"చేస్త."

"కరెంటు నిన్ను అడిగి పోదు. పేరా పేరాకు చెయ్యాలె. నిన్నటి దాని మీదనే రాయకు, వేరే పేరుతోని దాచుకో. పొరపాటయితే కంట్రోల్ పట్టుకొని జెడ్ కొట్టు, వెనక్కి వస్తది." ఆగింది. "అన్నీ రావు. నేను నీకు చెప్పింది వెనక్కి రాలే గదా."

కళావతి గంజి గిన్నె పక్కకు జరిపింది.

మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు బడి ప్రసన్నను కంప్యూటర్ టీచర్‌గా రమ్మంది. దసరా సెలవులయ్యాక చేరాలి. ఆ దరఖాస్తు ఈ బల్ల దగ్గరే, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని కొట్టింది. ఇంకెవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకే ప్రిన్సిపాల్ ఫోన్ చేసింది. మీ నాన్నగారు మాట్లాడారు, పెండ్లి కుదిరిందట, మీరు రారట, వేరేవాళ్లను చూసుకుంటున్నాం అని. ఆ ఊళ్లో మాట్లాడుకున్న హాస్టల్ గది కూడా అలాంటి ఫోన్‌తోనే పోయింది. తాను ఏ ఫోనూ చేయలేదని సోమయ్య అన్నాడు. ఎవరూ నమ్మలేదు.

"బాపుకు నేను చెప్పలే బిడ్డా," అంది కళావతి మరోసారి.

"మరి ఈ కంప్యూటర్ చెప్పిందా? పండుగ కాంగనే హైదరాబాద్ పోత. నా దోస్తు సంగీత రూముల ఉంట. ఇగ ఈ ఇంటికి రాను అమ్మా."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కళావతికి అంత భయం వేసేది కాదు.

తాను చెప్పలేదు. పిల్ల చెప్పలేదు. అంటే తాను వంటింట్లో ఉన్నప్పుడు ఎవరో ఈ తెరను చదువుతున్నారు. ఇంట్లో మిగిలిన మనిషి ఒక్కడే. ఆయనకు షట్‌డౌన్ రాదు గానీ చదవడం వచ్చు.

మధ్యాహ్నం సోమయ్య భోజనానికి వచ్చే ముందు ఆమె కొత్త కార్డు తెరిచింది. దేవరుప్పులలో ఉన్న పెద్దమ్మకు రాస్తున్నట్టు కొట్టింది. ప్రసన్నకు మొగుళ్లపల్లి సంబంధం ఖాయం చేశామని, దసరా వెళ్లాక లగ్నం పెట్టుకుంటామని. పిల్లవాడి పేరు, వాళ్ల ఇంటి వివరం మాత్రం తెర కింది అంచు దాటించింది. చదవాలంటే పేజీని పైకి జరపాల్సిందే. ఆమె మౌస్‌ను బల్ల అంచున పెట్టి, వంటింటి గుమ్మంలో కూర్చుని గునుగు పూలు కత్తిరించసాగింది. ఎలుకను పట్టడానికి ఉల్లిగడ్డ ముక్క చాలు. మొగుడికి సంబంధం పెట్టాల్సి వచ్చింది.

సోమయ్య వచ్చాడు, తిన్నాడు. "నిన్నటి ఉప్పు గూడ ఇయ్యాల్నే ఏసినట్టున్నది పప్పుల," అన్నాడు. తెర వైపు చూడనైనా చూడలేదు. పడక్కుర్చీలో వాలి గురక పెట్టాడు.

కళావతి కత్తెర కింద పెట్టబోయింది. అప్పుడు తెర మీద బాణం కదిలింది.

మౌస్ పెట్టిన చోటే ఉంది. బల్ల దగ్గర ఎవరూ లేరు. బాణం మెల్లగా కుడివైపుకు జరిగింది. ఆగింది. పేజీ పైకి పాకింది, ఒక్కో వరుసా, ఎవరో వేలు పెట్టి చదువుకుంటున్నట్టు. పిల్లవాడి పేరు దగ్గర నిలిచిపోయింది.

ఆమె పూలు కింద పెట్టింది. ఎవరో ఈ హాల్లో, తమ మధ్య కూర్చుని ఉన్నారు. ఎన్నాళ్ల నుంచో. వారమంతా ఆమె దొంగను చూసినట్టు చూసిన మనిషి గురక ఇప్పుడు ఆమెకు తోడుగా వినిపించింది.

ఫోన్ మోగింది. ఉమేష్.

"బాగున్నరా అక్కా?"

"బాగున్నం."

"మరి మొగుళ్లపల్లి సంబంధమేంది? మేనమామను, నాకొక్క మాట చెప్పకుండ ఖాయం చేసుకున్నరా?"

కళావతి తెర వైపు తిరిగింది. తమ్ముడి ఊపిరి చెవిలో వినిపిస్తోంది. బాణం ఆ పేరు మీదే ఉంది.

"ఫోన్ల ఏం చెప్తం తమ్మీ. రేపు రా. అన్నం తిని పోదువు," అంది.

లేచి, షట్‌డౌన్ కొట్టకుండానే గోడ స్విచ్ టప్పున తీసేసింది. సోమయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏమైంది?"

"ఏం లేదు. మీదే మంచి పద్ధతి."

మరునాడు ఉమేష్ స్వీట్ల డబ్బాతో వచ్చాడు. గడప దాటుతూనే నల్లగా ఉన్న తెర వైపు చూశాడు. "బందు పెట్టిన్రేంది?" అన్నది అతని మొదటి మాట.

సోమయ్య దుకాణం నుంచి వచ్చి ఉన్నాడు. ప్రసన్నను కూడా కళావతి పిలిచి కూర్చోబెట్టింది. తమ్ముడికి మంచినీళ్లిచ్చి ఎదురుగా నిలబడింది.

"మొగుళ్లపల్లి సంగతి నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరో... మార్కెట్ల అనుకుంటుంటే తెలిసింది."

"మార్కెట్ల ఎట్ల అనుకుంటరు రా? అసలు ఆ సంబంధమే లేదు. నేను ఆ తెర మీద కొట్టిన. అచ్చు తియ్యలే, ఎవ్వలికి చూపలే. మీ బావ గురక పెడుతుంటే బాణం దానంతటదే నడిచింది. వెంటనే నీ ఫోన్ వచ్చింది."

ఉమేష్ గ్లాసు కింద పెట్టాడు. ప్రసన్న మెల్లగా లేచి తెరకు వీలైనంత దూరంగా పోయి గోడకు ఆనుకుంది.

"ఎప్పటి సంది మామయ్యా?"

"ఆడ కూసోని బాగుచేసేటందుకే పెట్టిన, ఈ తెర నా దుకాణంల కనపడే సాఫ్ట్‌వేర్. పెట్టిన నాటి సంది ఉన్నది. తర్వాత జర చూసుడు అలవాటయింది."

"నేను రాసుకున్నయన్నీ చూసినవా?"

"పిల్ల చెడిపోవద్దని చూసిన. మేనమామకు హక్కు లేదా? నా కొడుకు హర్షవర్ధన్‌కు చేసుకోవాల్నని చిన్నప్పటి సంది అనుకున్నదే గదా."

"ఎవరనుకున్నరు? నన్నెవరడిగిన్రు?"

ఉమేష్‌కు కోపం ముంచుకొచ్చింది. అక్క వైపు తిరిగాడు. "నువ్వేం తక్కువనా? నాకు దసరా కార్డు రాసుకుంట ఏం కొట్టినవు? హర్షవర్ధన్‌కు పిల్లనిచ్చుడు నాకు మనసొప్పుతలేదు తమ్ముడూ, దాన్ని కొలువుకు పోనీ అని కొట్టినవు. మళ్ల అంత చెరిపేసి ఉత్త శుభాకాంక్షలు పెట్టినవు. గా దినమే నా కడుపు మండింది."

అనేశాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు.

ప్రసన్న తల్లిని చూసింది. "గట్ల రాసినవా అమ్మా?"

"రాసిన బిడ్డా. ధైర్యం సాలక చెరిపిన. నీకు సుత చెప్పలే."

ప్రసన్న వచ్చి, గంజి ఎండి బిరుసెక్కిన తల్లి వేళ్లు పట్టుకుంది. ఏదో అనబోయి ఏడ్చేసింది. కళావతి ఆ చేయి వదలకుండానే తమ్ముడితో మాట్లాడింది.

"చెరిపేసింది గూడ చదివినవు. అది నా నోట్లకెళ్లి వచ్చేదాక ఆగకపోతివి. ఒక్కసారి అడిగినా చెప్పేదాన్ని గదరా. పిల్లకు పోయేటందుకు ఏ దారి లేకుండ చేస్తే నీ ఇంటికే వస్తదనుకున్నవా? ఇప్పుడు మొఖం మీదనే చెప్తున్న. పిల్లను ఇయ్య."

సోమయ్య ఉమేష్‌ను అడిగాడు. "బడికి ఫోన్ చేసింది నువ్వేనా?"

ఉమేష్ తల వంచాడు.

"ఎవరి పేరు చెప్పినవు?"

"నీదే, బావా."

సోమయ్య కుర్చీ అతని ముందుకు లాక్కున్నాడు. "వారం సంది నా బిడ్డ నా మొఖం చూస్తలేదు. నేను చెయ్యలే అంటే నా ఇంట్లనే ఎవ్వలు నమ్మలే. నా పేరుతోని చేసినవు గదా. ఇప్పుడు నీ పేరుతోని చెయ్. నా ముంగట."

"పోనీ బావా, ఎట్లనో అట్ల నేను తర్వాత..."

"ఇప్పుడే. అందరికీ వినపడేటట్టు."

ఉమేష్ అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు ఏ తగాదాలోనైనా ఆమె అడ్డం వచ్చేది. ఇవాళ రాలేదు.

ప్రసన్న కళ్లు తుడుచుకుని ప్రిన్సిపాల్ నంబరు కలిపింది. స్పీకర్ నొక్కి, ఫోన్ ఆరని కార్డుల మధ్య పెట్టింది.

"హలో?"

"మేడం, ప్రసన్న గురించి..."

"ఆ, సోమయ్య గారా? చెప్పండి."

గొంతు గుర్తుపట్టింది. సోమయ్య ఫోన్‌ను ఉమేష్ ముందుకు జరిపాడు.

"నేను సోమయ్యను కాను మేడం. అప్పుడు గూడ కాదు. ప్రసన్న మేనమామను, ఉమేష్‌ను. పిల్లకు పెండ్లి కుదరలే. ఆమె రానని అన్లే. వాళ్ల నాయిన పేరు పెట్టుకొని నేనే అబద్ధమాడిన."

ప్రిన్సిపాల్ గొంతు మారింది.

"ఎందుకండీ అలా?"

హక్కు అనే మాట ఉమేష్ నాలుక దాకా వచ్చినట్టుంది. మళ్లీ అక్క చేతిని పట్టుకున్న మేనకోడలి చేతిని చూశాడు.

"చెప్పుకునే కారణం ఏం లేదు మేడం. ఆ పిల్లది తప్పు కాదు. వాళ్ల అమ్మది కాదు, నాయినది కాదు. తప్పు నాది."