బోటాటౌంగ్ మేడకు వేడినీళ్లు

“ఊక బాయిలరా? మా నాన్న కిటికీ కిందనా? మీకేటి, మతి పోనాదా కో బాబ్జీ?”

ఖిన్ ఖిన్ అలా అడిగేసరికి మీటింగుకు వచ్చినవాళ్లంతా బాబ్జీ వైపు తిరిగారు. ‘కో’ అని అన్నగారి మర్యాద ఇస్తూనే చీవాట్లు పెట్టడం ఆమెకు బాగా వచ్చు.

బర్మాలోని బోటాటౌంగ్‌లో నది వైపు వీధిలో, లిఫ్టు లేని పాత ఐదంతస్తుల మేడ వాళ్లది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని ఇంటింటా బొగ్గుల కుంపటి మీదే స్నానాలకు నీళ్లు కాచుకుంటారు. మెట్ల నిండా పొగే. ఈమధ్య పై అంతస్తు తాయారమ్మ మరిగే నీళ్ల గిన్నె దించబోయి కాలు కాల్చుకుంది. దాంతో మేడకంతటికీ ఒకే వేడినీళ్ల ఏర్పాటు చేద్దామనుకున్నారు. ఏది పెట్టాలన్నదే తగువు.

తాయారమ్మ మనవడు బాబ్జీ షిప్పింగ్ ఆఫీసులో గుమాస్తా. పెరట్లో ఊకతో మండే బాయిలర్ పెడదామన్నాడు. కింది అంతస్తు ఖిన్ ఖిన్ స్కూల్లో సైన్స్ టీచరు. డాబా మీద సోలార్ హీటర్ పెడదామంది. ఆమె తల్లి బర్మా ఆవిడ. తండ్రి అప్పయ్య ఒకప్పుడు రేవులో పనిచేసిన తెలుగాయన. ఇప్పుడు ఉబ్బసంతో గది దాటడమే కష్టం.

“వానాకాలంలో ఎండ మొకమే కనపడదు. అప్పుడేటి సేత్తాం? మీ సైన్స్ పుస్తకాలు కాల్చుకుంటామా?” అన్నాడు బాబ్జీ.

అందరూ నవ్వారు. ఖిన్ ఖిన్ నవ్వలేదు.

“నది అవతల దలాలో మీ మావయ్యకి రైస్ మిల్లు ఉంది కదా! ఆ ఊక అమ్ముకోడానికేనా ఇదంతా?”

బాబ్జీ మొహం వాడిపోయింది.

“మావయ్య ఊరికే ఇత్తానన్నాడు. మా మామ్మ కాలికి కట్టు రోజూ నేనే కడతన్నాను. వానల్లో ఆవిడ మళ్లీ గిన్నె ఎత్తకూడదు. అంతే.”

అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఓటింగు వచ్చే ఆదివారానికి వాయిదా పడింది.

మర్నాడు పొద్దున్నే ఖిన్ ఖిన్ చేపల పులుసులో సేమ్యా వేసి చేసే మొహింగా గిన్నెడు పట్టుకుని పైకెళ్లింది.

“సారీ చెప్దామని వచ్చాను, మామ్మగారూ.”

“సారీ ఆడికి సెప్పు. మొహింగా నాకియ్యి,” అంది తాయారమ్మ.

లోపలి నుంచి వచ్చిన బాబ్జీకి నవ్వాగలేదు. కోపం కాస్తా జారిపోయింది.

“ఆ బాయిలర్ నాకోసారి చూపిస్తారా?” అని అడిగింది ఖిన్ ఖిన్.

శనివారం ఇద్దరూ దలా పడవ ఎక్కారు. నది మధ్యకు వచ్చేసరికి వాన పట్టుకుంది. ఇద్దరికీ ఒకటే గొడుగు.

“మా ఖిన్ ఖిన్, ఇటు జరగండి. తడిసిపోతన్నారు.”

“ఆ ‘మా’ బర్మీస్‌దా, తెలుగుదా?”

బర్మీస్‌లో అయితే అది అక్కగారి మర్యాద. తెలుగులో ఏమిటో ఇద్దరికీ తెలుసు. బాబ్జీ నీళ్ల వైపు చూస్తూ, “రెండూ,” అన్నాడు.

ఆ తర్వాత రేవు వచ్చేదాకా ఆమె గొడుగులోంచి జరగలేదు.

మిల్లులో బాయిలర్ బాగానే పనిచేస్తోంది. వానలో తడిసొచ్చిన ఆడకూలీలు వేడినీళ్లతో కాళ్లు కడుక్కుంటూ హాయిగా నవ్వుకుంటున్నారు. ఖిన్ ఖిన్ వాళ్లనే చూస్తూ నిలబడింది. అంతలో గాలి మళ్లింది. పొగ మొహానికి కొట్టడంతో ఆమె ఊపిరాడక దగ్గింది. బాబ్జీ నీళ్లందించాడు. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఏదో ఆలోచనలో ఉన్నారు.

ఆదివారం మీటింగులో మొదట బాబ్జీ లేచాడు.

“సోలారే పెడదాం.”

“వద్దు, ఊక బాయిలరే!” అంది ఖిన్ ఖిన్ అదే క్షణంలో.

మేడలో పెద్దాయన బంగారురాజు తల పట్టుకున్నాడు. “మీ ఇద్దరికీ ఏటైనాది? మొన్న అటు, ఇయ్యాల ఇటు!”

“అప్పయ్యగారి కిటికీ కింద ఆ పొగ పెట్టలేం.”

“మామ్మగారు వానల్లో గిన్నెలు ఎత్తలేరు.”

ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది.

“పోనీ, సోలార్ ట్యాంకులోనే కరెంటు రాడ్ పెట్టలేమా?” అన్నాడు బాబ్జీ. “వానల్లో కరెంటు వచ్చినప్పుడల్లా నీళ్లు కాగుతాయి.”

“పెట్టొచ్చు! ట్యాంకు చుట్టూ మందంగా పొర ఉంటే మర్నాటిదాకా చల్లారవు.”

“అప్పటికీ సాలకపోతే మామ్మ గిన్నె నేనెత్తుతాను.”

అందరూ చేతులెత్తారు. ఇంజినీరు వచ్చి డాబా బరువు మోస్తుందని చూశాకే హీటర్ బిగించారు.

కుళాయిలో మొదటిసారి వేడినీళ్లు వచ్చిన రోజు, డాబా మీద ట్యాంకు పక్కన బాబ్జీ గొంతు సవరించుకున్నాడు.

“నాకు మీరంటే ఇష్టం. ఇంగ్లీషులో అందామనుకున్నాను, ధైర్యం సాల్లేదు.”

“తెలుగులోనే బాగుంది,” అంది ఖిన్ ఖిన్. “నాకూ ఇష్టమే. నాన్నకి మాత్రం మీరే చెప్పాలి.”

చెప్పడానికి బాబ్జీ ఒక మంచి చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు. వారాలు గడిచాయి, చొక్కా అలాగే ఉంది. ఈలోగా ఒక్కో ఇంట్లో కుంపట్లు మూలకు చేరాయి.

ఒక సాయంత్రం తలుపు చప్పుడైతే బాబ్జీ తీశాడు. ఎదురుగా అప్పయ్య. పక్కన తండ్రి భుజం పట్టుకుని ఖిన్ ఖిన్. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

“అప్పయ్యగారూ! మీరెక్కి వచ్చినారేటి?”

“నువ్వు దిగుతావని సూసి సూసి నేనే వచ్చినాను,” అన్నాడు అప్పయ్య, గోడకు ఆనుకుని.

తాయారమ్మ గబగబా కుర్చీ లాగింది. “పిల్లనడగడానికి మేం దిగాల గానీ, మీరెక్కడం ఏటి బాబూ?”

అప్పయ్య కూర్చుని, నిండుగా ఊపిరి తీసుకున్నాడు.

“మెట్ల మీద పొగ లేదమ్మా. ఎన్నాళ్లకో ఎక్కగలిగినాను. ఎక్కినోణ్ని వట్టి చేతుల్తో దిగను. మీ కుర్రోణ్ని మాకిచ్చేయండి.”